తెర మీది అంకెలు: క్రీడల్లో సాంఖ్యక విశ్లేషణ

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• టీవీ తెర మీద కనిపించే క్రీడా గణాంకం దేన్ని కొలుస్తోందో, దేన్ని వదిలేస్తోందో గుర్తించగలుగుతారు.
• సగటులో హారం ప్రాధాన్యాన్ని ఉదాహరణతో వివరించగలుగుతారు.
• చిన్న ప్రతిరూపం, దోష అవధి, సంభావ్యత అనే భావనలను ఆటల ఆధారంగా అర్థం చేసుకోగలుగుతారు.

1. ప్రస్తావన

గోదావరికి వరద వచ్చిన రోజుల్లో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో టీవీ ముందు కూర్చున్నవారంతా ఒకే అంకె కోసం చూస్తారు. అది ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం. 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. లంక గ్రామాలవారికి ఈ అంకెను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఎక్కడ కొలిచారు? ఎప్పుడు కొలిచారు? ఏ గీతతో పోల్చాలి? పెరుగుతోందా, తగ్గుతోందా? ఈ నాలుగు ప్రశ్నలూ వారి మనసులో వాటంతటవే మెదులుతాయి.

అదే టీవీలో ఆట మొదలైతే మాత్రం మనం ఈ ప్రశ్నలు మరచిపోతాం. బంతి వేగం, స్ట్రయిక్ రేటు, గెలిచే అవకాశం ఇంత శాతం, స్మాష్ వేగం ఇంత అని అంకె మీద అంకె వచ్చి పోతూ ఉంటుంది. వ్యాఖ్యాత చెప్పిన అర్థాన్నే మనం తీసుకొంటాం. క్రికెట్, బేస్‌బాల్, బ్యాడ్మింటన్ వంటి ఆటలు బంతి బంతికీ, పాయింటు పాయింటుకీ విడివిడిగా సాగుతాయి కాబట్టి వాటిని లెక్కపెట్టడం తేలిక. రెండు బంతుల మధ్య ఖాళీని నింపడానికి ప్రసార సంస్థలకు అంకె చాలా అనుకూలమైన వస్తువు. అందుకే వాటి సంఖ్య ఏటేటా పెరుగుతోంది.

తెర మీది ప్రతి అంకె ఎవరో ఎంచుకొన్న ఒక ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్న ఏమిటో తెలియకుండా జవాబును నమ్మడం గాని, కొట్టిపారేయడం గాని తగదు. ఈ పాఠంలో మనం నేర్చుకోవలసింది ఇదే.

2. కొలత, కొలిచిన పరిస్థితులు

మన అమలాపురం నుంచే మొదలుపెడదాం. బ్యాడ్మింటన్ డబుల్స్ ఆటగాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000 ఆగస్టులో అమలాపురంలో జన్మించారు. ముంబయికి చెందిన చిరాగ్ శెట్టితో కలిసి 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లోనూ ఈ జంటదే స్వర్ణం. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో భారతదేశానికి అదే తొలి స్వర్ణం. అదే ఏడాది అక్టోబరులో ఈ జంట ప్రపంచ ర్యాంకుల్లో మొదటి స్థానానికి చేరింది.

సాత్విక్ పేరుతో పాటు తరచుగా వినిపించే అంకె 565. ఆయన కొట్టిన ఒక స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగాన్ని అందుకొని గిన్నిస్ రికార్డుగా నమోదైంది. అంతకు ముందు 2013 నుంచి మలేసియా ఆటగాడు టాన్ బూన్ హ్యోంగ్ పేరిట ఉన్న రికార్డు 493.

ఇక్కడ వరద ప్రశ్నలు వేసి చూడండి. ఎక్కడ, ఎప్పుడు కొలిచారు? 2023 ఏప్రిల్ 14న, జపాన్‌లోని సైతామా ప్రాంతంలో ఉన్న యోనెక్స్ కర్మాగారపు వ్యాయామశాలలో. అంటే అది మ్యాచ్ కాదు, వేగం కొలవడానికే ఏర్పాటు చేసిన పరీక్ష. పోటీ ఆటలో నమోదైన వేగాలు ఇంతకన్నా చాలా తక్కువ. 2017లో మన దేశంలో జరిగిన ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్‌లో డెన్మార్క్ ఆటగాడు మాడ్స్ పీలర్ కోల్డింగ్ కొట్టిన స్మాష్ వేగం 426. ఈ రెండంకెలనూ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని తేల్చడం, ధవళేశ్వరం నీటిమట్టాన్ని భద్రాచలం హెచ్చరిక గీతతో పోల్చడం వంటిది.

ఏ క్షణంలో కొలిచారన్నది కూడా ముఖ్యమే. 565 అనేది షటిల్ రాకెట్‌ను వదిలిన తొలి క్షణపు వేగం. కోర్టు పొడవు 13.4 మీటర్లు. షటిల్ అదే వేగంతో సాగితే ఆ దూరాన్ని సెకనులో పదకొండో వంతు కన్నా తక్కువ సమయంలోనే దాటాలి. కాని 16 ఈకలున్న షటిల్‌ను గాలి బలంగా అడ్డుకొంటుంది. అవతలివైపుకు చేరేసరికి దాని వేగం బాగా తగ్గిపోతుంది. ఎదుటి ఆటగాడు ఎదుర్కొనేది ఆ తగ్గిన వేగాన్నే. అంతమాత్రాన 565 అబద్ధం కాదు. అది భుజబలం, మణికట్టు నైపుణ్యం ఎంతో చెబుతుంది. పాయింటు ఎవరికి వస్తుందో చెప్పదు.

3. ఒకే దత్తాంశం, మూడు సారాంశాలు

ఇప్పుడు ఒక నిజమైన చిక్కు లెక్క చూద్దాం. టోక్యో ఒలింపిక్స్, 2021 జూలై. పురుషుల డబుల్స్ గ్రూపు దశలో సాత్విక్–చిరాగ్ జంట ఆడిన మూడు మ్యాచ్‌ల ఫలితాలు ఇవి:

తైవాన్ జంట లీ యాంగ్–వాంగ్ చి-లిన్‌పై: 21–16, 16–21, 27–25 (గెలుపు)
ఇండొనేసియా జంట గిడియాన్–సుకముల్జోతో: 13–21, 12–21 (ఓటమి)
బ్రిటన్ జంట లేన్–వెండీపై: 21–17, 21–19 (గెలుపు)

ఈ దత్తాంశాన్ని మూడు విధాలుగా కుదించవచ్చు. మ్యాచ్‌లను లెక్కిస్తే గెలిచినవి 2, ఓడినది 1. గేములను లెక్కిస్తే గెలిచినవి 4, ఓడినవి 3. పాయింట్లను లెక్కిస్తే మన జంటకు వచ్చినవి 131, ఎదుటివారికి వచ్చినవి 140. మొదటి లెక్క ప్రకారం ఇది మంచి ప్రదర్శన. రెండవ లెక్కలో అది బొటాబొటి. మూడవ లెక్కలో మనవారే వెనకబడి ఉన్నారు. మూడూ నిజమే. మూడూ ఆ మూడు మ్యాచ్‌ల నుంచే వచ్చాయి.

గ్రూపులో తైవాన్, ఇండొనేసియా జంటలు కూడా రెండేసి మ్యాచ్‌లు గెలిచాయి. పరస్పరం ఆడిన మ్యాచ్ ఫలితంతో తేల్చుదామంటే అది వలయంగా తిరుగుతోంది. మనవారు తైవాన్‌ను ఓడించారు, తైవాన్ ఇండొనేసియాను ఓడించింది, ఇండొనేసియా మనవారిని ఓడించింది. ఇలా మూడు జంటలు సమానమైనప్పుడు గేముల తేడా చూడాలని నియమం. ఇండొనేసియా తేడా 5–2, అంటే 3. తైవాన్ తేడా 5–3, అంటే 2. మనవారిది 4–3, అంటే 1. ముందుకు వెళ్ళేది ఇద్దరే కాబట్టి, మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా మన జంట ఇంటిదారి పట్టింది. మనవారి చేతిలో ఓడిన తైవాన్ జంట చివరికి స్వర్ణ పతకం గెలిచింది.

ఇందులో అన్యాయం జరిగిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. నియమం అందరికీ ముందే తెలుసు. కాని ఏ సారాంశాన్ని ఎంచుకొంటారన్నది ఒక ఆటగాడి నాలుగేళ్ళ శ్రమను ఎలా నిర్ణయిస్తుందో చూడండి. సారాంశాన్ని ఎంచుకోవడం గణితం చేసే పని కాదు, మనుషులు చేసే పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో సాత్విక్–చిరాగ్ జంట మలేసియా జంట చేతిలో 21–13, 14–21, 16–21తో ఓడింది. గేముల లెక్క, పాయింట్ల లెక్క వేరువేరుగా రాయండి. ఎక్కువ పాయింట్లు సాధించిన జంట మ్యాచ్ ఓడిపోవడం సాధ్యమా?
(సమాధానం: గేములు 1–2, పాయింట్లు 51–55. సాధ్యమే. ఉదాహరణకు 21–10, 19–21, 19–21 అయితే ఓడినవారికి 59, గెలిచినవారికి 52 పాయింట్లు వస్తాయి.)

4. హారం చెప్పే సంగతి

సగటు అంటే మొత్తాన్ని సంఖ్యతో భాగించడమని మీకు తెలుసు. దేనితో భాగించాలన్నదే అసలు ప్రశ్న. ఒక కొబ్బరి తోటలో 100 చెట్లు ఉన్నాయనుకొందాం. ఈసారి దింపులో 80 చెట్లే ఎక్కారు, 800 కాయలు దిగాయి. ఎక్కిన చెట్లతో భాగిస్తే చెట్టుకు 10 కాయలు. తోటలోని చెట్లన్నిటితో భాగిస్తే 8. తోట కౌలుకు ఇచ్చేవారు మొదటి అంకె చెబుతారు, తీసుకొనేవారు రెండవది అడుగుతారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు.

క్రికెట్ బ్యాటింగ్ సగటులోనూ ఇదే ఉంది. ఇక్కడ పరుగులను ఇన్నింగ్స్‌ల సంఖ్యతో కాక, ఔటైన సార్ల సంఖ్యతో భాగిస్తారు. గుంటూరుకు చెందిన అంబటి రాయుడు ఉదాహరణ తీసుకోండి. ఆయన భారత్ తరఫున 55 వన్డేలు ఆడారు. 50 ఇన్నింగ్స్‌లలో 14 సార్లు నాటౌట్‌గా నిలిచి 1694 పరుగులు చేశారు. 36తో భాగిస్తే సగటు 47 దాటుతుంది. 50తో భాగిస్తే ఇన్నింగ్స్‌కు 33.88. మొదటిది ‘ఒక వికెట్ ఇచ్చేలోగా ఎన్ని పరుగులు చేస్తారు?’ అన్న ప్రశ్నకు జవాబు. రెండవది ‘ఒకసారి క్రీజులోకి వస్తే ఎన్ని చేస్తారు?’ అన్న ప్రశ్నకు జవాబు. చివరి ఓవర్లలో దిగి నాటౌట్‌గా మిగిలే ఆటగాడికి ఈ రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటుంది.

2019 ప్రపంచ కప్ జట్టు ఎంపికలో రాయుడికి చోటు దక్కలేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో ఆయన 90 పరుగులు చేశారు. మార్చిలో ఆస్ట్రేలియాపై వరుసగా 13, 18, 2 పరుగులకు ఔటయ్యారు. ఏప్రిల్‌లో జట్టును ప్రకటించారు. 50 ఇన్నింగ్స్‌ల సగటును చూడాలా, చివరి మూడింటినే చూడాలా? సాంఖ్యకశాస్త్రం ప్రకారం మూడు ఇన్నింగ్స్‌లు చాలా చిన్న ప్రతిరూపం. ఎంత మంచి బ్యాటర్‌కైనా వరుసగా మూడు చిన్న స్కోర్లు రావడం సాధారణమే. అంటే అవి ఆటగాడి సామర్థ్యం తగ్గిందనడానికి బలమైన సాక్ష్యం కావు. అయితే ఎంపిక చేసేవారు పరుగులతో పాటు బౌలింగ్, ఫీల్డింగ్ వంటి అవసరాలు కూడా చూస్తారు. వాటిని తూచడం సగటు చేసే పని కాదు. టీవీ చర్చల్లో మాత్రం చివరి మూడు స్కోర్లే పదేపదే కనిపిస్తాయి. కొత్తవి కావడం వల్ల అవి పెద్దవిగా తోస్తాయి. ఆ జూలైలో రాయుడు రిటైర్మెంట్ ప్రకటించి, తరువాత దాన్ని వెనక్కి తీసుకొన్నారు.

5. బేస్‌బాల్ నేర్పిన పాఠం

అంకెలతో ఆటను చదివే పద్ధతి అన్నిటికన్నా లోతుగా పెరిగింది అమెరికాలో, బేస్‌బాల్‌లో. ఆ ఆట తెలియనివారికి రెండు మాటలు చాలు. బంతి విసిరే పిచ్చర్, కొట్టే బ్యాటర్ ఉంటారు. బ్యాటర్ బంతిని కొట్టి పరుగెత్తి మొదటి బేస్‌కు చేరవచ్చు. లేదా, పిచ్చర్ నాలుగు బంతులను కొట్టదగిన పరిధికి బయట విసిరితే, బ్యాటర్ వాటిని ఓపికగా వదిలేసి ఉచితంగా మొదటి బేస్‌కు నడిచి వెళ్ళవచ్చు. దీన్ని ‘వాక్’ అంటారు.

19వ శతాబ్దం నుంచి వాడుకలో ఉన్న బ్యాటింగ్ సగటులో ఈ వాక్‌లకు చోటు లేదు. లవంలోనూ లేవు, హారంలోనూ లేవు. అంటే ఓపికగల బ్యాటర్ జట్టుకు చేసే మేలు లెక్కకే రాలేదు. కాన్సాస్‌లో ఒక ఆహార డబ్బాల కర్మాగారంలో కాపలా ఉద్యోగం చేస్తూ బిల్ జేమ్స్ అనే వ్యక్తి ఇటువంటి లోపాలను పరిశీలించి, 1977లో సొంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. ఉద్యోగం చేసుకొంటూ చదువుకొనే మీకు ఈ సంగతి నచ్చుతుందనుకొంటాను. ఆయన విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు. మంచి ప్రశ్న అడగడానికి ఆచార్య పదవి అవసరం లేదు.

ఆ ఆలోచనలను ఓక్‌లాండ్ అథ్లెటిక్స్ జట్టు ఆచరణలో పెట్టింది. 2002లో ఆ జట్టు ఆటగాళ్ళ జీతాల మొత్తం దాదాపు 4 కోట్ల డాలర్లు, న్యూయార్క్ యాంకీస్‌ది 12 కోట్ల డాలర్లకు పైగా. ఓక్‌లాండ్ నిర్వాహకుడు బిల్లీ బీన్ వాక్‌లను కూడా కలిపి లెక్కించే ‘ఆన్‌బేస్ శాతం’ ఎక్కువగా ఉండి, ఇతర జట్లు చిన్నచూపు చూసిన ఆటగాళ్ళను తక్కువ ధరకు తెచ్చుకొన్నారు. ఆ సీజన్‌లో ఓక్‌లాండ్ వరుసగా 20 మ్యాచ్‌లు గెలిచింది. మొత్తం మీద రెండు జట్లూ 103 చొప్పున గెలిచాయి. దీని మీద మైకేల్ లూయిస్ రాసిన ‘మనీబాల్’ పుస్తకం 2003లో, సినిమా 2011లో వచ్చాయి.

అయితే అదే 2002లో నాకౌట్ దశ మొదటి రౌండులోనే, అయిదు మ్యాచ్‌ల పోరులో, ఓక్‌లాండ్ 2–3తో ఓడిపోయింది. 162 మ్యాచ్‌ల సీజన్‌లో పనిచేసిన పద్ధతి అయిదు మ్యాచ్‌లలో తప్పిందా? కాదు. అయిదు మ్యాచ్‌లలో అదృష్టం పాలు ఎక్కువ. ప్రతిరూపం పెద్దదయ్యేకొద్దీ యాదృచ్ఛికత ప్రభావం తగ్గుతుందన్న సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ.

ఈ గణాంకాలు క్రమంగా టీవీకి ఎక్కాయి. 2015 నుంచి ప్రధాన లీగ్ మైదానాలన్నిటిలో ‘స్టాట్‌కాస్ట్’ అనే వ్యవస్థ బంతినీ, ఆటగాళ్ళనూ ప్రతి క్షణం అనుసరిస్తోంది. బ్యాట్‌కు తగిలిన బంతి ఎంత వేగంతో, ఏ కోణంలో లేచిందో ప్రేక్షకుడు వెంటనే చూస్తున్నాడు.

6. అంచనా, దోష అవధి

క్రికెట్‌లో ఇటువంటి మార్పు ‘హాక్-ఐ’తో వచ్చింది. 2001లో బ్రిటన్‌లోని ఛానల్ 4 దీన్ని ప్రేక్షకుల కోసం తెర మీదికి తెచ్చింది. 2008లో భారత్–శ్రీలంక టెస్టుల్లో సమీక్షా పద్ధతిని ప్రయోగాత్మకంగా అమలు చేశారు. ప్రసారంలో అలంకారంగా మొదలైన అంచనా ఏడేళ్ళలో అంపైర్ తీర్పునే మార్చగల సాధనమైంది.

ఎల్‌బీడబ్ల్యూ సమీక్షలో తెర మీద బంతి వికెట్లకు తగిలినట్లు కనిపిస్తుంది. నిజానికి ఆ బంతి ప్యాడ్ దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి గీసినదంతా అంచనా. ప్రతి అంచనాకూ దోష అవధి ఉంటుంది. అందుకే బంతిలో సగానికన్నా తక్కువ భాగం వికెట్లకు తగులుతుందని అంచనా వస్తే, అంపైర్ మొదట ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది. దీన్నే ‘అంపైర్స్ కాల్’ అంటారు. చాలామంది ప్రేక్షకులు దీన్ని తిట్టుకొంటారు. కాని తెర మీది అంకెలన్నిటిలో తన హద్దు తాను ఒప్పుకొనే నిజాయతీ దీనికే ఎక్కువ.

ఈ హద్దును గణిత రూపంలో చూపినవారిలో మన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.ఆర్. రావు ఒకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో చేరిన ఆయన, పాతికేళ్ళ వయసులో, 1945లో ప్రచురించిన పరిశోధన పత్రంలో ఒక ముఖ్య ఫలితం ఉంది. దత్తాంశంలో ఉన్న సమాచారం ఎంతో, నిష్పాక్షిక అంచనా ఖచ్చితత్వానికి అంతే హద్దు. సూత్రాన్ని ఎంత తెలివిగా మార్చినా ఆ హద్దును దాటలేం. దీన్ని ‘క్రామర్–రావు హద్దు’ అంటారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమతి లభించింది. మూడు స్కోర్ల నుంచి మూడు స్కోర్లపాటి సమాచారమే వస్తుంది.

7. గెలుపు సంభావ్యత

ఇప్పుడు టీవీలో ‘ఈ జట్టు గెలిచే అవకాశం 70 శాతం’ అని చూపుతున్నారు. దీని అర్థం ఆ జట్టు గెలుస్తుందని కాదు. ఇటువంటి స్థితి 100 సార్లు ఎదురైతే సుమారు 70 సార్లు గెలుపు, 30 సార్లు ఓటమి ఉంటాయని. ఒక్క మ్యాచ్ చూసి ఈ అంకె తప్పనీ, ఒప్పనీ చెప్పలేం. 70 శాతం అని చూపిన మ్యాచ్‌లన్నిటినీ పోగుచేసి, వాటిలో నిజంగా ఎన్నింట గెలిచారో లెక్కించాలి.

2001 మార్చిలో కోల్‌కతా టెస్టు గుర్తు చేసుకోండి. ఆస్ట్రేలియా కన్నా 274 పరుగులు వెనకబడి భారత్ ఫాలో-ఆన్ ఆడింది. హైదరాబాద్‌కు చెందిన వి.వి.ఎస్. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 పరుగులు చేశారు. భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. అంతవరకు టెస్టు చరిత్రలో ఫాలో-ఆన్ ఆడి గెలిచిన సందర్భాలు రెండే. ఆ రోజు తెర మీద శాతం చూపి ఉంటే చాలా చిన్న అంకె ఉండేది. ఆ అంకె తప్పు కాదు, లక్ష్మణ్ గొప్పతనమూ అబద్ధం కాదు. అరుదైనది అసాధ్యం కాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన లెక్క. మూడు వేరువేరు మ్యాచ్‌లలో ఒక్కొక్క జట్టు గెలిచే సంభావ్యత 0.7 అనుకొందాం. ఆ మూడు జట్లూ గెలిచే సంభావ్యత ఎంత? మూడూ స్వతంత్ర ఘటనలు కాబట్టి 0.7 × 0.7 × 0.7 = 0.343. అంటే మూడింట ఒక వంతుకు కాస్త పైన. విడివిడిగా ‘గ్యారంటీ’గా కనిపించినవి కలిపి చూస్తే కాకపోవడమే ఎక్కువ. టీవీ శాతాన్ని నమ్ముకొని పందెం కాసే యువకులు చేసే పొరపాటు సరిగ్గా ఇదే. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై నిషేధ చట్టం చేసింది. చట్టం ఉన్నా లేకున్నా గుణకారం మారదు. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా ఈ దారిలో ఉంటే, నీతులు చెప్పే ముందు ఈ మూడు సంఖ్యలను కాగితం మీద గుణించి చూపండి.

8. సారాంశం

తెర మీద అంకె కనిపించినప్పుడు అయిదు ప్రశ్నలు వేయండి. దేన్ని, ఏ పరిస్థితుల్లో కొలిచారు? దేనితో భాగించారు? ఎన్ని సందర్భాల నుంచి వచ్చింది? ఇది కొలతా, అంచనా? అంచనా అయితే దోష అవధి ఎంత? చివరిగా, ఇది దేన్ని వదిలేసింది? వాక్‌లను వదిలేసిన బ్యాటింగ్ సగటు వంద సంవత్సరాలకు పైగా ఎందరో ఆటగాళ్ళ విలువను కప్పిపెట్టింది. అంకెలను పక్కన పెట్టినందువల్ల కాదు, మరింత మంచి అంకెను వెతికినందువల్ల ఆ తప్పు బయటపడింది. రేపు మీరు ఉపాధ్యాయులుగానో, ఉద్యోగులుగానో ఒక మనిషిని ఒక సగటుతో తూచవలసి వస్తుంది. అప్పుడు కూడా ఈ ప్రశ్నలే వేయండి.

9. నమూనా ప్రశ్నలు

అ. క్లుప్తంగా సమాధానం రాయండి (10 పంక్తులు)
1. స్మాష్ వేగం 565, 426 అనే రెండు అంకెలను నేరుగా పోల్చరాదు. ఎందుకు?
2. ‘అంపైర్స్ కాల్’ను దోష అవధి ఆధారంగా వివరించండి.

ఆ. విపులంగా సమాధానం రాయండి (30 పంక్తులు)
1. టోక్యో ఒలింపిక్స్ గ్రూపు దశ ఫలితాల ఆధారంగా, ఒకే దత్తాంశానికి వేరువేరు సారాంశాలు ఎలా వస్తాయో చర్చించండి.

ఇ. అభ్యాసం
1. మీరు ఈ వారం చూసే ఏదైనా ఒక మ్యాచ్‌లో తెర మీద కనిపించిన పది గణాంకాలను రాసుకోండి. ఒక్కొక్కదానికీ అది జవాబిచ్చే ప్రశ్నను ఒక వాక్యంలో రాయండి. ప్రశ్న రాయలేకపోయిన గణాంకాలు ఎన్నో లెక్కపెట్టండి.